మోడల్ గది మేస్టారు

మేస్టారు పోయారన్న కబురు నాకు బస్సులో అందింది. మద్దిలపాలెంలో ఎక్కినప్పుడే గాజువాక దాకా నిలబడి వెళ్ళాల్సిందేనని తెలిసిపోయింది. ఒక చేతిలో కూరల సంచి, ఇంకో చెయ్యి పైన కమ్మీకి. ముందు ఉక్కు ఫ్యాక్టరీ పనులకి పోయే లారీలు అడ్డంగా ఆగి ఉన్నాయి. ఆ జనంలోంచి ఎవరో "మేడమ్ గారూ" అని పిలిచారు. ఒకప్పుడు మా దగ్గర శిక్షణకి వచ్చిన మనిషి. జుట్టు నెరిసిపోయింది, వెంటనే పోల్చుకోలేకపోయాను.

"మన మోడల్ గది మేస్టారు పోనారమ్మా. మీకు తెలవదా? సోమారం పొద్దుట. టీ అడిగినారంట. అది తెచ్చీలోగా అయిపోనాదంట."

"అలాగా" అన్నాను. అతను ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు, లారీలు కదిలాయి, నా స్టాపు వచ్చింది, దిగాను. ఇంటికి వెళ్ళి బియ్యం కడిగి ఎసట్లో పోశాను. గంజి వారుస్తున్నప్పుడు ఏడుపు వచ్చింది. ఈ మధ్య నాకు అన్నీ ఆలస్యంగానే అందుతున్నాయి.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు అందరూ దేవుళ్ళైపోతారు. మా మేస్టారు దేవుడేమీ కాదు. ముక్కు మీద కోపం. చెప్పిన సంగతి రెండోసారి అడిగితే కళ్ళెర్రజేసేవారు. మూడోసారి అడిగితే మాత్రం కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పేవారు, ఎందుకో మరి. ముట్టించని చుట్ట ఒకటి నోట్లో పెట్టుకుని సాయంత్రం దాకా నములుతూ ఉండేవారు. మధ్యాహ్నం చోడి అంబలి తాగి బల్ల మీద తల వాల్చేవారు. అప్పుడు ఎవరు పిలిచినా "నాను నేను" అని తనే జవాబు చెప్పేవారు. తను అక్కడ లేనని చెప్పడం అన్నమాట. ఇలాంటి మనిషి గురించి పేపర్లో ఎవరూ రాయరు గనక నేను రాస్తున్నాను. ఒళ్ళు అలిసిపోయి ఉంది, తప్పులుంటే మన్నించండి.

ఆ గదికి నేను ఇష్టపడి వెళ్ళలేదు. మా ఆయన రేవులోని రైలు యార్డులో పనిచేసేవారు. డెబ్భైల చివర కామెర్లు ముదిరి పోయారు. ఇద్దరు పిల్లలు, ఇద్దరూ చిన్నవాళ్ళే. ఆయన బదులు నాకు పని ఇస్తామన్నారు. పదో తరగతి చదివానని తెలిసి, యార్డు పక్కనున్న శిక్షణ బడిలో మోడల్ గదికి హెల్పరుగా వేశారు. వేస్తూ ఒక మెలిక కూడా పెట్టారు. ఏడాది తిరిగాక పరీక్ష. పాసైతే పర్మనెంటు. తప్పితే రోజుకూలీ మీద మంచినీళ్ళ కుండలు నింపే పని, అదీ వాళ్ళకి అవసరమైన రోజునే. ఆ ఏడాదంతా నాకు కలలో కూడా ఆ కుండలే కనిపించేవి.

మోడల్ గది అంటే గది నిండా ఒక పెద్ద బల్ల. దాని మీద యార్డు మొత్తం చిన్న సైజులో ఉండేది. జానెడు ఇంజను, అగ్గిపెట్టెలంత వ్యాగన్లు. ఒక అంచున ప్లాస్టరుతో చేసిన డాల్ఫిన్స్ నోస్ కొండ, దాని కింద నీలం రంగు పూసిన సముద్రం. చూడ్డానికి పిల్లలాటలా ఉండేది కానీ, యార్డులో పనికి కుదిరినవాళ్ళంతా ముందు అక్కడే నేర్చుకోవాలి. రైలు ఒక పట్టాల మీంచి పక్క పట్టాల మీదికి మళ్ళే చోటుని పాయింటు అంటారు. యార్డులో దాన్ని లీవరు లాగి మారుస్తారు, మార్చేవాణ్ణి పాయింట్స్‌మన్ అంటారు. మా బల్ల మీద ఒక్కో పాయింటు కిందా సన్నటి రాగితీగ చుట్టిన కాయిళ్ళు రెండు ఉండేవి. ఒక బటన్ నొక్కితే పాయింటు ఇటు మళ్ళేది, ఇంకో బటన్ నొక్కితే అటు. ఆ కాయిళ్ళన్నీ మేస్టారు తన చేత్తో చుట్టినవే.

మొదటి రోజు నన్ను బల్ల ముందు నిలబెట్టి అడిగారు.

"ఏటమ్మా, కరెంటంటే బయమా?"

"బయమే మేస్టారూ."

"మంచిది. బయం నేనోళ్ళే నా కాయిళ్ళన్నీ కాల్చీసినారు."

ఆ కాయిలుకి కరెంటు ఒక్క క్షణం తగిలితే చాలు, పాయింటు టక్కున మళ్ళిపోతుంది. అంతకన్నా ఎక్కువసేపు పారితే వేడెక్కి లోపల మాడిపోతుంది. మా దగ్గరికి వచ్చే పాయింట్స్‌మన్లు బటన్ నొక్కితే ఇక వదిలేవారు కాదు. వాళ్ళది మొండితనం కాదు. యార్డులో లీవరు లాగినవాడు చివరి వ్యాగన్ దాటేదాకా దాన్ని అదిమిపట్టుకునే ఉండాలి. మధ్యలో చెయ్యి జారిందంటే పాయింటు వెనక్కి తిరిగి, వ్యాగన్లు సగం ఇటు సగం అటు పోయి పడిపోతాయి. కింద మనుషులుంటారు. ఆ భయం వాళ్ళ చేతుల్లోకి దిగిపోయింది. బల్ల మీద బొమ్మ రైలు దాటేదాకా బటన్ మీద వేలు పెట్టి ఊపిరి బిగబట్టి నిలబడేవారు. ఎంత మంచి పనివాడైతే అన్ని ఎక్కువ కాయిళ్ళు కాల్చేవాడు.

"ముట్టుకో, ఒగ్గీ. ముట్టుకో, ఒగ్గీ. నీ పెళ్ళాం సెయ్యి కాదురా అది!" అని, వేలు వదిలెయ్యమని మేస్టారు అరిచేవారు. అరిచాక పక్కన నేనున్న సంగతి గుర్తొచ్చి నాలిక కరుచుకునేవారు. ఆయన కూడా ఒకప్పుడు అదే యార్డులో పాయింట్స్‌మనే.

నాకు లీవరు అలవాటు లేదు. వేడి పెనం అంచు ముట్టుకుని తీసే అలవాటు మాత్రం ఉంది. మొదటిసారే సరిగ్గా నొక్కాను. "యార్డు సూడనోళ్ళకే ఇది తొందరగా వత్తాది" అన్నారు. మెచ్చుకున్నారో దెప్పారో ఇప్పటికీ తెలియదు.

అసలు కష్టం నొక్కడంలో లేదు, వెతకడంలో ఉంది. పాయింటు కదలకపోతే కారణం ఎక్కడైనా ఉండొచ్చు. బటన్ లోపలి రేకు ఉప్పుగాలికి చిలుము పట్టి ఉండొచ్చు. తీగ అతుకు ఊడి ఉండొచ్చు. కాయిలు పోయి ఉండొచ్చు. ఇవేవీ కాక, ఓడల్లోకి ఎత్తే ఇనపరాయి ఎర్రధూళి కిటికీలోంచి వచ్చి పట్టాల సందులో కూర్చుని ఉండొచ్చు. బల్ల కింద వెల్లకిలా పడుకుని, చెమట కళ్ళలోకి కారుతుంటే, రెండు తీగలు కట్టిన బల్బొకటి పట్టుకుని ఒక్కో చోటా ఆనించి చూడాలి. వెలిగితే అక్కడిదాకా కరెంటు వస్తున్నట్టు. ఇవాళ బాగుచేసిన అతుకు కొన్నాళ్ళకే మళ్ళీ పచ్చబడేది. ఇంట్లో అంట్ల గిన్నెల్లాగే అది తరిగే పని కాదు.

మొదట్లో నేను ఒక కొస నుంచి మొదలుపెట్టి రెండో కొస దాకా వెతుక్కుంటూ పోయేదాన్ని. మేస్టారు ఒప్పుకునేవారు కాదు.

"మద్దెలో సూడు. మద్దెలో ఎలిగినాదా, అక్కడిదాకా బాగున్నట్టే. మిగిలినదాంట్లో మల్లీ మద్దెలో సూడు. నీకున్న ఓపిక తక్కువ తల్లీ, దాన్ని అంతటా పారబోసీకు."

నాకు ఓపిక తక్కువని ఆయనకి ఎవరూ చెప్పలేదు. చీకటితో లేచి వంట, పిల్లలు, బస్సు, పని, మళ్ళీ బస్సు, మళ్ళీ వంట. ఒకరోజు బల్ల కింద బల్బు పట్టుకుని అలాగే నిద్రపోయాను. మెలకువ వచ్చేసరికి మేస్టారు తలుపు బయట కుర్చీ వేసుకుని కూర్చున్నారు. వచ్చినవాళ్ళందరికీ "లోన టెస్టింగ్ అవతన్నాది, తరవాత రండి" అని చెబుతున్నారు. నేను లేచి మొహం కడుక్కున్నాక కూడా ఒక్క మాట అనలేదు. ఆ రోజు పాఠం ఆలస్యంగా మొదలైంది.

స్టోర్సువాళ్ళు మాకు ఎప్పుడూ ఎర్ర తీగే ఇచ్చేవారు. బల్ల కింద చూస్తే అంతా ఎరుపే, ఏది ఎటు పోతుందో తెలిసేది కాదు. ఇంట్లో కుట్టుమిషను దగ్గరి దారాలు తెచ్చి, ఒక్కో పాయింటు తీగకి రెండు కొసలా ఒక్కో రంగు దారం కట్టాను. మేస్టారు వంగి చూశారు.

"ఏటమ్మా ఇది, యార్డా, పెళ్ళిపందిరా?"

వచ్చిన ప్రతివాడికీ చూపించి మరీ నవ్వారు. ఆ వారంలోనే ఒకరోజు బల్ల కింద నుంచి ఆయన గొంతు వినిపించింది. "ఊదారంగు దారం ఇంకుంటే తేమ్మా, అయిపోనాది."

తుపాను రోజుల్లో అసలు ఏ పాయింటూ కదిలేది కాదు. చెక్క ఉబ్బిపోయేది, తేమకి అతుకులన్నీ మొరాయించేవి. బల్ల కింద బల్బులు వెలిగించి ఆరబెట్టేవాళ్ళం. అది ఆరేదాకా చెయ్యడానికి ఏమీ ఉండదు. "ఇయాల దానికీ సెలవే, మనకీ సెలవే" అని మేస్టారు గోడకి ఆనుకుని కూర్చుని వాళ్ళ ఊరి సంగతులు చెప్పేవారు. పొలం అన్నదమ్ములకి వదిలేసి రేవుకి వచ్చేసినప్పుడు వాళ్ళమ్మ అలిగి అన్నం మానేసిందట. "అలసిపోయి వచ్చినాను తల్లీ ఆ మడి పని నుంచి. ఇక్కడ అలుపుండదనుకున్నాను" అని తనలో తనే నవ్వుకునేవారు. నాకు ఆ నవ్వు బాగా అర్థమయ్యేది.

ఆయన ఊరికే అనే మాట ఒకటుండేది. "కదల్నేదంటే పాడైపోనాదనీసి కాదు. ఎక్కడో ఆగిపోనాది. ఎక్కడాగినాదో ఎతకాలంతే." పాయింట్ల గురించే అనేవారు. నేను మాత్రం బస్సులో నిలబడి దాన్ని నా గురించి అనుకునేదాన్ని.

పరీక్ష రోజు దగ్గరపడింది. పద్ధతి ఏమిటంటే, ఆ పొద్దున్న మేస్టారు రైలు నడిపి అంతా బాగుందని చూసుకుని, తరవాత ఏడో నంబరు పాయింటులో ఒక తప్పు పెడతారు. అదేమిటో ఆఫీసరుకి మాత్రం చెబుతారు. మనం వెతికి, బాగుచేసి, రైలు నడిపి చూపించాలి. ముందురోజు సాయంత్రం "మేస్టారూ, రేపు ఏటి పెడతారు?" అని అడిగాను. ఇద్దరు పిల్లలున్నవాళ్ళెవరైనా అడుగుతారు.

ఆయన నోట్లోంచి చుట్ట తీశారు. "సెప్తే రేపు పాసైపోతావు. ఎల్లుండి నిజంగా ఆగిపోతే ఎవుల్ని అడుగుతావు?"

నాకు ఒళ్ళు మండింది. వెళ్ళొస్తానని కూడా చెప్పకుండా వచ్చేశాను.

మర్నాడు అందరికన్నా ముందు నన్నే పిలిచారు. ఆఫీసరు బయటి ఊరి మనిషి, ఇస్త్రీ చొక్కా, మాట మెత్తన. ఏడో నంబరు కదలడం లేదు. బల్ల కిందికి దూరాను. మధ్యలో బల్బు వెలిగింది. మిగిలిన సగంలో మధ్యలో చూశాను, వెలగలేదు. ఆ రెండింటి నడుమ ఒక అతుకు ఊడి ఉంది. అతికించాను. పైకి వచ్చి బటన్ నొక్కాను. పాయింటు కదల్లేదు.

మళ్ళీ కిందికి దూరాను. కాయిలు దాకా బల్బు వెలుగుతోంది, కరెంటు వస్తోంది. అప్పుడు ముక్కుకి తగిలింది, కాయిలు తీగ మీది లక్క మాడిన వాసన. కాయిలు కాలిపోయింది.

"పెట్టిన తప్పు ఒక్కటేనమ్మా" అన్నారు ఆఫీసరు. "అది సరిచేశారు. అయినా నడవలేదంటే, సరిచేస్తూ ఇంకోటి పాడుచేసి ఉంటారు."

"లేదండీ. కాయిలు కాలిపోయింది. బాగుంటే నేను నొక్కగానే ఒక్కసారైనా మళ్ళేది. అది ముందే కాలింది."

ఆయన మేస్టారు వైపు తిరిగారు. "పొద్దున్న మీరు నడిపి చూశారు కదా?"

"సూసినాను సార్. బండి బాగానే దాటినాది."

పొద్దున్న ఆ గదిలోకి ఆయన తప్ప ఎవరూ రాలేదు. కాయిలు ముందే కాలిందంటే కాల్చింది ఆయనే. వచ్చినవాళ్ళందర్నీ దేనికి తిట్టేవారో ఆ పనే ఆయన చేశారని, పరాయి ఆఫీసరు ముందు, ఆయన దగ్గర నేర్చుకున్నదాన్ని నేను చెప్పాలి. ఊరుకుంటే కుండలు. "వాసన చూడండి, తెలుస్తుంది" అని మాత్రం అన్నాను. మేస్టారు మొహం వైపు చూడలేకపోయాను.

ఆయన బల్ల అంచు పట్టుకుని మెల్లగా మోకాళ్ళ మీదికి దిగారు. కాయిలు విప్పి బయటికి తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. కాసేపు తన బొటనవేలినే చూసుకున్నారు.

"నానే సార్" అన్నారు. "పొద్దుట ఏడో నంబరు మీంచి బండి నడిపినాను. ఈయమ్మ పరీచ్చ కదా, సరిగ్గా దాటుతాదా నేదా అనీసి సూత్తన్నాను. ఆకరి వ్యాగను దాటినదాకా ఏలు తియ్యనేదు. అప్పుడు తెలవనేదు. యార్డులో లీవరు పట్టిన సెయ్యి సార్ ఇది, బయమేస్తే అదే పని సేసీసినాది. ఆవిడ తప్పేటీ నేదు."

"మీరు ఇక్కడ నేర్పేది ఇదే కదా, పట్టుకోవద్దని?"

"అవును సార్. ఇదే."

మేస్టారు కొత్త కాయిలు తెచ్చి నా చేతిలో పెట్టారు. నేనే బిగించాను, నేనే నొక్కాను. రైలు దాటింది. నేను పాసయ్యాను. ఆ సాయంత్రం బస్సులో చోటు దొరికి కూర్చున్నాను.

దాని వెనక సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. రిటైరయ్యాక కూడా ఇంకొన్నాళ్ళు మేస్టారుని అదే గదిలో ఉంచుకోవాలన్న మాట ఒకటి ఉండేది. ఆయనకి అది కావాలి కూడా, ఇంటి స్లాబు సగంలో ఆగి ఉంది. ఆ పరీక్ష తరవాత ఆ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. అందువల్లేనని ఎవరూ అనలేదు. నేను అడిగితే ఆయనా ఒప్పుకోలేదు. "నాకూ అలుపొచ్చీసినాదమ్మా. రోజూ బస్సులో ఏలాడ్నేను" అన్నారు. నేను నమ్మలేదు. అయినా ఇంకేం అడగను? రిటైరైన రోజు పూలదండ వేస్తే విసుగ్గా తీసి కిటికీకి తగిలించి వెళ్ళిపోయారు.

కొత్త మేస్టారుని వేస్తారనుకున్నాం. వెయ్యలేదు. వేసేదాకా పాఠం కూడా నన్నే చెప్పమన్నారు. అక్కడ మొదలైంది నా అసలు పరీక్ష. పాయింట్స్‌మన్లు మర్యాదగా వచ్చేవారు, మర్యాదగా కూర్చునేవారు, ఒక్కడూ నోరు విప్పి ఒక్క ప్రశ్న అడిగేవాడు కాదు. అర్థమైందా అంటే తలలూపేవారు. బయట టీ కొట్టు దగ్గర ఒకణ్ణి ఒకడు అడుక్కునేవారు. యార్డు సంగతి ఆడమనిషిని అడగడం వాళ్ళకి నామోషీ. అడగరు గనక తెలియదు, తెలియదు గనక బటన్లు పట్టుకునేవారు. రోజూ కాయిళ్ళు కాలేవి, రోజూ నేను కూర్చుని చుట్టేదాన్ని. క్లాసు సాగడం లేదు, ఆవిణ్ణి స్టోర్సులో సంచులు సర్దడానికి వేద్దాం అన్న మాట నా చెవిన పడింది. పోట్లాడే ఓపిక నాకు లేదు.

అప్పుడే ఒక ఆదివారం పొద్దున్న ఫిషింగ్ హార్బర్‌లో చేపల దగ్గర మేస్టారు కనిపించారు. అక్కడే నిలబడి అంతా చెప్పాను. ఆయన "ఊఁ" అన్నారు, అంతే. మళ్ళీ చేపలవాడితో బేరంలో పడిపోయారు. పీత కాలు విరిగిందని వాడితో తగువు కూడా పెట్టుకున్నారు. నేను సంచి పట్టుకుని వచ్చేశాను. ఆ రోజు ఆయన మీద నాకు కలిగిన కోపం చిన్నది కాదు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం పాఠం జరుగుతుండగా తలుపు దగ్గర అలికిడైంది. మేస్టారు. నలుగురివీ ఉన్న చోటే తన చెప్పులూ విడిచి, లోపలికి వచ్చి, ఆఖరి బెంచీలో కుర్రాళ్ళ పక్కన సర్దుకుని కూర్చున్నారు. అందరూ లేవబోతే కూర్చోమని చేత్తో సైగ చేశారు. నేను సుద్దముక్క ఆయన వైపు చాచాను.

"మేస్టారూ, ఇలా రండి. మీరు చెప్పండి."

"నాను పాటానికొచ్చినానండి. మీరు సెప్పండి."

అన్నేళ్ళలో ఆయన నన్ను ఎప్పుడూ అండీ అని పిలవలేదు. బోర్డు వైపు తిరిగి పాఠం కొనసాగించాను. కొంతసేపటికి వెనక బెంచీ కిర్రుమంది. తిరిగి చూస్తే మేస్టారు లేచి నిలబడి, బడిపిల్లాడిలా చెయ్యెత్తి ఉన్నారు.

"మేడమ్ గారూ, నాకొక డౌటండి. ఒక్కపాలే మూడు పాయింట్లు ఆగిపోతే ముందేటి సూడాలండి?"

అది నాకు నేర్పింది ఆయనే. గదిలో ఉన్నవాళ్ళంతా ముందు ఆయన్ని చూశారు, తరవాత నన్ను చూశారు. ఎవరూ నవ్వలేదు.

"మూడూ ఒకేసారి ఆగితే, మూడింటికీ కలిపి పోయే తీగ ఒకటుంటుంది. ముందు దాన్ని చూడాలి" అన్నాను.

"అదెక్కడుంటాదండి?"

బల్ల కింద ఎక్కడుందో చూపించి చెప్పాను.

"సరిగ్గా ఇనపణ్ణేదండి. ఇంకోపాలి సెప్పండి."

ఈసారి గట్టిగా చెప్పాను. నా గొంతు అంత గట్టిగా ఆ గదిలో అంతకుముందు ఎప్పుడూ వినపడలేదు. ముందు వరసలో ఒకతను, మీసాలున్న పెద్దమనిషి, మెల్లగా చెయ్యెత్తాడు. "మరి ఆ తీగ కూడా బాగున్నాదనుకోండి, అప్పుడేటి సెయ్యాలండి?"

నేను అతనికి చెప్పడం మొదలుపెట్టాను. అతని వెనకే ఇంకో చెయ్యి లేచింది. మేస్టారుని కూర్చోమనాలని నాకు తోచనే లేదు. అడిగినవాడికి మేడమ్ కూర్చోమని చెప్పాలి కాబోలు అన్నట్టు, మేస్టారు ఆఖరి బెంచీ దగ్గర పాఠం అయ్యేదాకా అలాగే నిలబడి ఉన్నారు.